ఓడ ప్రయాణం డబ్బున్నోళ్ళకేనా?

క్రూయిజ్ అనగానే మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది 'టైటానిక్' సినిమా. ఆ తర్వాత గుర్తొచ్చేది డబ్బు. "ఓడలో షికార్లు మనలాంటోళ్ళకెందుకు బావా, సూటూ బూటూ వేసేవాళ్ళకి గానీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సింగపూర్‌లో కన్‌స్ట్రక్షన్ సైట్ల మీద సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్న మేం నలుగురం ఈ మాటతో ఏకీభవించడం లేదు. మాలో ఇద్దరిది కరీంనగర్ వైపు, ఒకరిది తూర్పు గోదావరి, ఇంకొకరిది శ్రీకాకుళం. అందరం పాలిటెక్నిక్ డిప్లొమాలే. ఇప్పటికి మూడుసార్లు ఓడెక్కి వచ్చాం. ఒకసారి మేం నలుగురమే, రెండుసార్లు కుటుంబాలతో. మా అభిప్రాయం ఒకటే. మనలాంటి వాళ్ళకి ఇంతకంటే తగిన సెలవు ఇంకొకటి లేదు. అయితే సైటు పనికి లెక్క వేసినట్టు దీనికీ ముందుగా లెక్క వెయ్యాలి, కాగితాలు చూస్కోవాలి.

అసలు ఓడ మనకి కొత్తదేం కాదు. మన తాతల కాలంలో ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాళ్ళంతా ఓడల్లో వచ్చినవాళ్ళే. 1926లో కట్టిన 'రజూలా' అనే ఓడ 1970ల మొదటిదాకా మద్రాసుకూ, పెనాంగ్‌కూ, సింగపూర్‌కూ మధ్య తిరిగింది. అందులో కూలీలకు గదులు లేవు, డెక్కు మీదే చాప పరుచుకుని పడుకోవడం. తర్వాత 'చిదంబరం' అనే ఓడ వచ్చింది. 1985లో దాంట్లో మంటలు చెలరేగాక ఆ దారే ఆగిపోయింది.

మన తరం సంగతి ఇంకోలా ఉంది. 2020లో కోవిడ్ వచ్చి క్రూయిజ్ ఓడలన్నీ ఖాళీ అయినప్పుడు, జబ్బు నుంచి కోలుకున్న వలస కార్మికులను కొంతకాలం ఉంచడానికి సింగపూర్‌లో 'సూపర్‌స్టార్ జెమిని', 'సూపర్‌స్టార్ అక్వేరియస్' అనే రెండు ఓడలను రేవులో కట్టేసి వాడారు. మాకు తెలిసిన కుర్రాళ్ళు కొందరు జీవితంలో మొదటిసారి క్రూయిజ్ ఓడ ఎక్కింది అలాగే. ఓడ కదల్లేదు. స్విమ్మింగ్ పూల్ లేదు, షో లేదు. గదికి భోజనం ప్యాకెట్ వచ్చేది. అదే ఏడాది నవంబరులో ఊళ్ళోవాళ్ళ కోసం సగం మందితో 'ఎక్కడికీ వెళ్ళని క్రూయిజ్'లు మొదలయ్యాయి. ఓడ సముద్రంలో తిరిగి మళ్ళీ ఇక్కడికే వచ్చేది. ఆ రోజుల్లో డార్మిటరీ వాళ్ళకి సైటు, గది తప్ప ఇంకో లోకం లేదు. "ఓడలు మనకెందుకు" అని ఎవరైనా అన్నప్పుడల్లా మాకు ఆ కుర్రాళ్ళే గుర్తొస్తారు. రోగులుగా పనికొచ్చిన ఓడ యాత్రికులుగా మాత్రం మనకి పనికిరాదా?

ఇక సెలవు సంగతికొద్దాం. ఎస్ పాస్ మీద ఉన్నవాళ్ళకి నెలకు ఆరువేల సింగపూర్ డాలర్ల జీతం లేనిదే భార్యాపిల్లల్ని డిపెండెంట్ పాస్ మీద తెచ్చుకునే వీల్లేదు. మాలాంటి సూపర్‌వైజర్లలో చాలామందికి అంత రాదు. కాబట్టి కుటుంబం వచ్చేది విజిట్ వీసా మీద, కొన్ని వారాలకే. ఆ కొన్ని వారాలు ఎలా గడుస్తాయో అందరికీ తెలిసిందే. అద్దె ఫ్లాటులో ఒక గది, నలుగురు వాడే వంటిల్లు. ఉదయం ఆరింటికల్లా మనం సైటుకి పోతాం, రాత్రి ఎనిమిదికి వస్తాం. ఆవిడ అక్కడ వండినట్టే ఇక్కడా వండుతుంది. ఆదివారం లిటిల్ ఇండియా, ఒకరోజు సెంటోసా, అంతే. అక్కడ కూడా జేబులో ఫోన్ మోగుతూనే ఉంటుంది. "కాంక్రీట్ లారీ రాలేదు", "క్రేన్ ఆపరేటర్ లీవు పెట్టాడు" అని.

ఓడ మీద ఫోన్ మోగదు. రేవు దాటిన కాసేపటికి సిగ్నల్ పోతుంది. మూడు రాత్రులు ఇంజనీరుకు మనం దొరకం. ఇంట్లో ఆవిడకి వంట లేదు, గిన్నెలు లేవు, పక్క కూడా ఇంకెవరో సర్దుతారు. పిల్లలకి నాన్న రోజంతా ఎదురుగా ఉంటాడు. మాలో ఒకరి ఆరేళ్ళ పాప రెండో రోజు అడిగింది, "నాన్నా, ఇవ్వాళ కూడా నీకు డ్యూటీ లేదా?" అని. మాకు దీనికంటే పెద్ద కారణం అక్కర్లేదు. స్విమ్మింగ్ పూలు, నాటకాలు, పాటలు అన్నీ బాగుంటాయి గానీ అవన్నీ దీని తర్వాతే.

ఇక్కడే ఒక జాగ్రత్త. సిగ్నల్ పోయిందనుకుంటాం గానీ, ఓడకి సొంతంగా ఉపగ్రహం ద్వారా పనిచేసే ఫోన్ నెట్‌వర్క్ ఉంటుంది. మన ఫోన్ దానంతటదే దానికి తగులుకుంటే రోమింగ్ బిల్లు గుండె ఆగేలా వస్తుంది. ఓడ కదలకముందే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. ఊళ్ళో అమ్మానాన్నలకి, ఫోర్‌మన్‌కి ముందే చెప్పేస్తే సరి, "బుధవారం దాకా దొరకను" అని.

డబ్బు మాటకొస్తే, కాంట్రాక్టులు తెలిసినవాళ్ళకి క్రూయిజ్ టికెట్ అర్థం చేసుకోవడం తేలిక. పేపర్లో పెద్ద అక్షరాల్లో వేసే ధర టెండర్ రేటు లాంటిది. పని దక్కాక వేరియేషన్లు మొదలైనట్టు, టికెట్ కొన్నాక మిగతావి ఒక్కొక్కటే బయటికొస్తాయి. పోర్టు ఛార్జీలు వేరు. తలకింత, రాత్రికింత చొప్పున గ్రాట్యుటీ అని సిబ్బందికిచ్చే టిప్పు వేరు, అది పిల్లలకీ పడుతుంది. కూల్‌డ్రింకులు, వై-ఫై, రేవుల్లో బస్సు టూర్లు, స్పెషల్ రెస్టారెంట్లు అన్నీ వేరు. గదిలో టేబుల్ మీద అందంగా పెట్టిన నీళ్ళ సీసా కూడా చాలాసార్లు డబ్బులదే. బఫేలో మంచినీళ్ళు, టీ ఉచితం. మా అనుభవంలో టికెట్ ధరకి అందులో సగం కలుపుకుంటే మొత్తం ఖర్చు ఇంచుమించు వస్తుంది. ఆ మొత్తం చేతిలో ఉంటేనే బుక్ చెయ్యండి.

ఇంకో కిటుకు చాలామందికి తెలీదు. క్యాబిన్ ధర ఇద్దరు మనుషుల లెక్కన కడతారు. ఒక్కడే వెళ్తే ఇంచుమించు ఇద్దరి డబ్బులూ కట్టాల్సిందే. అదే గదిలో మూడో మనిషి, నాలుగో మనిషి చేరితే వాళ్ళకి బాగా తక్కువ పడుతుంది. కాబట్టి బ్యాచిలర్లు నలుగురు కలిసి నాలుగు పడకల గది తీసుకోవడమే లాభం. డార్మిటరీ గదుల్లో ఉండొచ్చిన మనకి అది ఇరుకుగా అనిపించదు లెండి. అయితే అన్ని గదుల్లో నలుగురిని పట్టనివ్వరు, బుక్ చేసేముందే అడగాలి.

బాల్కనీ గది కావాలా, కిటికీ లేని లోపలి గది చాలా అని ప్రతిసారీ చర్చ జరుగుతుంది. మేం లోపలి గదికే ఓటేస్తాం. పగలంతా డెక్కు మీదే ఉంటాం, సముద్రం అందరిదీ ఒకటే. వయసు మళ్ళినవాళ్ళు వస్తే మాత్రం కిటికీ ఉన్న గది తీసుకోండి, లేకపోతే తెల్లారిందో లేదో తెలీక కంగారు పడతారు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళకి కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన ఉన్న గది మంచిది. ఊగే దేనికైనా చివర్లలోనే కదలిక ఎక్కువ, మధ్యలో తక్కువ. మలక్కా జలసంధిలో నీళ్ళు మామూలుగా పెద్దగా ఊపవు. ఫుకెట్ వైపు వెళ్ళే ఓడలకి మాత్రం మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలుల దెబ్బ ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆ నెలల్లో పెనాంగ్‌తో సరిపెట్టుకోవడం మేలు.

ఎప్పుడెళ్ళాలి? చైనీస్ న్యూ ఇయర్‌కి సైట్లు మూతపడతాయి కదా అని అందరం అప్పుడే చూస్తాం. ధరలు ఆకాశంలో ఉండేది కూడా అప్పుడే. జూన్, డిసెంబరు స్కూలు సెలవులూ అంతే. ఆదివారం ఎక్కి బుధవారం దిగే ఓడలు దొరుకుతాయి, మూడు రోజుల లీవు చాలు. స్లాబ్ కాస్టింగ్ తేదీ చూస్కుని, లీవు కాగితం మీద సంతకం అయ్యాకే టికెట్ కొనండి. నోటిమాట లీవు కాస్టింగ్ రోజున చెల్లదని మీకు తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యం కాగితాలు. మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఓడ సింగపూర్ రేవు దాటిందంటే దేశం దాటినట్టే. తిరిగొచ్చినప్పుడు మళ్ళీ ఇమిగ్రేషన్ ఉంటుంది. మనకి ఎస్ పాస్ చెల్లుబాటులో ఉంటే ఇబ్బంది లేదు. రెన్యూవల్ దగ్గరపడుతుంటే మాత్రం అది తేలేదాకా వెళ్ళొద్దు. విజిట్ వీసా మీద వచ్చిన భార్యకి, తల్లిదండ్రులకి మల్టిపుల్ జర్నీ వీసా ఉండి తీరాలి. మాకు తెలిసిన ఒకాయన విషయంలో ఏజెంటు "ఏం ఫర్వాలేదన్నా, అందరూ వెళ్తున్నారు" అన్నాడు. అత్తామామలవి సింగిల్ జర్నీ వీసాలు. చెకిన్ కౌంటర్ దగ్గర ఆపేశారు. ఎక్కితే తిరిగి రానివ్వరు కాబట్టి ఎక్కించుకోలేదు. డబ్బులు వెనక్కి రాలేదు. దానికన్నా, ఆ పెద్దాయన "మావల్లే కదయ్యా ఇదంతా" అని బాధపడటం చూడలేకపోయామని ఆ ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఏజెంటు తర్వాత ఫోన్ ఎత్తలేదు.

పాస్‌పోర్టుకు తిరిగొచ్చే రోజు నుంచి ఆరు నెలల గడువుండాలి. కంపెనీ ఆఫీసు బీరువాలో ఉంటే ఇప్పుడే అడిగి తెచ్చుకోండి. ఉద్యోగి పాస్‌పోర్టు యజమాని అట్టే పెట్టుకోవడం ఇక్కడి చట్టం ఒప్పుకోదు. 2023 నవంబరులో థాయిలాండ్, డిసెంబరులో మలేసియా మనకి వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టాయి గానీ, ఇలాంటి సడలింపులు గడువులు పెట్టి ఇచ్చేవి, మారుతుంటాయి. టికెట్ కొనే రోజు ఒకసారి, ఎక్కే వారం ముందు ఒకసారి చూస్కోవాలి. వీసా లేకపోయినా మలేసియాకు, థాయిలాండ్‌కు ముందుగా నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డులున్నాయి. ఓడ ప్రయాణికులకు ఏది వర్తిస్తుందో ఓడ కంపెనీనే అడగాలి. సింగపూర్‌కి తిరిగి వచ్చేటప్పుడు ఎస్‌జీ అరైవల్ కార్డు పాస్ ఉన్న మనమూ నింపాలి. ఇది ఉచితం. దీనికి డబ్బులడిగే వెబ్‌సైటు ఏదైనా సరే మోసమే.

ఇంట్లో గర్భిణి ఉంటే, 24 వారాలు నిండినవాళ్ళని చాలా ఓడలు ఎక్కించుకోవు. ఆరు నెలల్లోపు పసిపిల్లల్నీ అంతే. ఓడలో డాక్టరుంటాడు గానీ ఫీజు డాలర్లలో చాలా ఎక్కువ. కంపెనీ మనకి చేయించిన ఆసుపత్రి ఇన్సూరెన్సును నమ్ముకుని ఎక్కొద్దు. విజిట్‌కి వచ్చినవాళ్ళకైతే అసలు అదీ లేదు. ఓడ ప్రయాణం కూడా వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకోవాలి. పెద్దవాళ్ళ బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి ఒక్కోసారి సాయంత్రం అవుతుంది.

పెట్టెలో ఏం పెట్టొద్దో కూడా చెప్పాలి. రైస్ కుక్కరు, ఇస్త్రీ పెట్టె, కరెంటు కెటిల్ తీసుకెళ్తే సెక్యూరిటీ వాళ్ళు తీసి పక్కన పెట్టేస్తారు. ఓడ మీద నిప్పంటే వాళ్ళకి ప్రాణభయం, అందులో తప్పు లేదు. ఇంట్లో వండిన పులిహోర, చికెన్ వేపుడు కూడా రానివ్వరు. సీలు తీయని పచ్చడి ప్యాకెట్, కారప్పూస లాంటివి తెచ్చుకోవచ్చా అని ముందే అడిగి పెట్టుకోండి. సింగపూర్ నుంచి వెళ్ళే ఓడల్లో మన భారతీయులు ఎక్కువే కాబట్టి అన్నం, పప్పు, ఏదో ఒక కూర దొరకడం కష్టం కాదు. పూర్తి శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే రాయించాలి. రసం మాత్రం ఆశించొద్దు.

రేవుల్లో దిగడం గురించి. పెనాంగ్‌లో ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ ఊరికి ఆనుకునే ఉంటుంది. బస్సు టూరు కొనక్కర్లేదు. నడుచుకుంటూ వెళ్తే జార్జ్‌టౌన్ పాత వీధులు, లిటిల్ ఇండియా, మారియమ్మన్ గుడి అన్నీ దగ్గర్లోనే. 'రజూలా' ఆగిన ఊరు కూడా ఇదే. దీనికి పూర్తిగా వ్యతిరేకం పోర్ట్ క్లాంగ్. కౌలాలంపూర్ అని రాసి ఉంటుంది గానీ, అక్కడి నుంచి ఊళ్ళోకి రోడ్డు మీద గంట పైనే పడుతుంది. ట్రాఫిక్ ఉంటే ఎంతో చెప్పలేం. సొంతంగా ట్యాక్సీ మాట్లాడుకుని పెట్రోనాస్ టవర్లు చూసొద్దామని బయల్దేరితే ఓడ తప్పిపోయే ప్రమాదం ఉంది. ఓడవాళ్ళ టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ ట్యాక్సీ ఆలస్యమైతే ఆగదు. ఫుకెట్‌లో ఇంకో తిరకాసు ఉంది. థాయిలాండ్ టైము సింగపూర్ కంటే గంట వెనక. ఓడ సింగపూర్ టైములోనే నడుస్తుంటే, మీ ఫోన్ మాత్రం దానంతటదే థాయిలాండ్ టైముకి మారిపోతుంది. ఓడలో అయిదయితే మీ ఫోన్లో నాలుగే. ఇంకా గంట ఉందిలే అని కొబ్బరినీళ్ళు తాగుతూ కూర్చుంటే అంతే సంగతులు. చేతికి మామూలు గడియారం పెట్టుకుని ఓడ టైము చూస్కోండి.

సేఫ్టీ డ్రిల్లు గురించి మేం కొంచెం గట్టిగానే చెబుతాం. ఓడ కదిలేముందు అందరినీ పిలిచి లైఫ్‌జాకెట్ ఎలా వేసుకోవాలో, ఎక్కడ గుమికూడాలో చెబుతారు. మనవాళ్ళు ఆ టైములో బఫేలో ఉంటారు. సైటులో పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగ్‌కి వెనక నిలబడి ఆవలించే మనిషే ఏదో ఒకరోజు హార్నెస్ తగిలించుకోకుండా పైకెక్కుతాడని మనకు తెలుసు కదా. 2012 జనవరిలో ఇటలీ దగ్గర 'కోస్టా కాంకోర్డియా' ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి అప్పటికి డ్రిల్లే జరగలేదు. ఆ తర్వాతే, ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో డ్రిల్లు జరగాలని అంతర్జాతీయ నిబంధన మార్చారు. పిల్లల్ని ఎత్తుకుని మీరే ముందు వెళ్ళండి, పది నిమిషాల పని.

క్యాసినో సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. ఓడ రేవు నీళ్ళు దాటగానే తలుపులు తెరుస్తారు. టికెట్ ధర తక్కువగా ఉండటానికి ఒక కారణం అదే అని మా అనుమానం. ఓడలో నగదు ఉండదు. గది తాళం కార్డే గీకుడు కార్డు. చేతిలో నోటు కదలకపోతే ఖర్చు కనపడదు. మా నలుగురిలో ఒక ఒప్పందం ఉంది: ప్రతి రాత్రి పడుకునేముందు రిసెప్షన్‌లో ఆ రోజు బిల్లు చూడటం. క్యాసినోలోకి వెళ్ళకపోవడం. పిల్లల కార్డులకి ఖర్చు వీల్లేకుండా చెయ్యమంటే కౌంటర్లో చేస్తారు.

ఒక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. ఇక్కడికి రావడానికి ఏజెంటుకిచ్చిన అప్పు ఇంకా తీరనివాళ్ళు, ఊళ్ళో మూడు రూపాయల వడ్డీ నడుస్తున్నవాళ్ళు ఓడెక్కొద్దు. "ఇప్పుడు వెళ్ళండి, తర్వాత కట్టండి" అనే వాయిదాల పథకాలు వస్తున్నాయి, వాటి జోలికి అసలే పోవద్దు. మేం కూడా అప్పులన్నీ తీరాకే ఎక్కాం. అప్పు లేనివాళ్ళు మాత్రం "ఊళ్ళో ఏమనుకుంటారో" అని ఆగక్కర్లేదు. ఫోటోలు పెట్టగానే "ఓడలెక్కుతున్నాడంట, బాగా సంపాదించాడు" అని అప్పు అడిగే ఫోన్లు రావడం ఖాయం. మాకూ వచ్చాయి. అదే డబ్బుతో ఊరెళ్ళి రావచ్చు కదా అని పెద్దలంటారు. ఊరెళ్తే పెళ్ళిళ్ళు, పేరంటాలు, పొలం తగాదాలు, కట్నకానుకలు. సెలవు అయిపోతుంది, మొగుడూ పెళ్ళాం నాలుగు మాటలు మాట్లాడుకున్నది ఉండదు. ఊరికీ వెళ్ళాలి, కాదనం. కానీ అది వేరే పని.

పాస్‌పోర్టు లేని అమ్మానాన్నలకి సముద్రం చూపించాలంటే మనవైపే దారి ఉంది. 2023లో విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అంతకు ముందు ఏడాదే చెన్నై నుంచి విశాఖకు క్రూయిజ్ ఓడ వచ్చింది. ఏడాది పొడుగునా నడవవు కాబట్టి, ఊరెళ్ళే తేదీలు అనుకునేటప్పుడే ఆ సీజన్లో ఓడ ఉందేమో కనుక్కోవాలి.

చివరి రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టమంటారు, పొద్దున రేవులోనే మళ్ళీ చేతికొస్తాయి. మర్నాడు వేసుకునే బట్టలు కూడా అందులో సర్దేసి, నైటీలతో దిగాల్సి వచ్చిన కుటుంబాన్ని మేం కళ్ళారా చూశాం. బట్టలు, మందులు, పాస్‌పోర్టులు చేతిసంచిలో ఉంచుకోండి. అదే మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళాల్సినవాళ్ళు యూనిఫామూ, సైటు పాసూ కూడా.